ముట్టుకోవద్దన్న డబ్బా మన బడికి రావాలె

(చేవెళ్లలో కార్యకర్తల సమావేశంలో మాట్లాడిన మాటలకు రాతరూపం)



భూముల మీద, కూలి రేట్ల మీద, హాస్టల్ మెస్ చార్జీల మీద మాట్లాడటానికి మనం ఈ చేవెళ్లలో ఎన్నోసార్లు కూచున్నం. ఇవాళ ముచ్చట వేరు. ఆకాశం నుంచి పగలూ రాత్రీ రాలే కిరణాల గురించి, వాటిని లెక్కబెట్టే ఒక చిన్న యంత్రం గురించి, అది మన సర్కారు హైస్కూళ్లకు ఎందుకు రావాలె అన్న దాని గురించి. "కూటికి తిప్పలు పడేటోళ్లకు కాస్మిక్ కిరణాలెందుకు?" అని వెనక వరుసలోంచి ఒక అన్న అననే అన్నడు. ఆ మాటకు జవాబు చెప్పకుండ ఇక్కడినుంచి లేవం. కానీ ముందు మన ఇలాకాలోనే జరిగిన ఒక సంగతి చెప్పుకుందం.

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల ఊరి పొలాల్లో ఒక పెద్ద డబ్బా లాంటిది దిగింది. మన చేవెళ్ల పార్లమెంటు పరిధిలోదే ఆ ఊరు. ఏం వస్తువో తెలియక జనం జమైన్రు, భయపడ్డరు. పోలీసులు వచ్చిన్రు. తర్వాత తేలిందేమంటే, అది హేలో స్పేస్ అనే స్పెయిన్ దేశపు కంపెనీది. డబ్బున్న మనుషులను ఆకాశం అంచుదాకా తీసుకపోయి భూమిని చూపించే వ్యాపారం కోసం పరీక్షకు పంపిన డబ్బా. దాన్ని పైకి పంపింది మాత్రం హైదరాబాదు నుంచే.

హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉన్నది. యాభై ఏండ్లకు పైబడి నడుస్తున్నది. పల్చటి ప్లాస్టిక్ పొరతో చేసిన బెలూన్లు అవి. పూర్తిగా ఉబ్బితే యాభై మీటర్ల నుంచి ఎనభై మీటర్ల దాకా అడ్డం ఉంటయి. హైడ్రోజన్ నింపి వదిలితే ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు పోతయి. మనం చూసే విమానాలు ఎగిరేది పది, పన్నెండు కిలోమీటర్లే. కింద వేలాడే యంత్రాలు పని ముగిసినంక రంగు పారాచూట్‌తో ఏదో ఒక ఊరి చేన్లో దిగుతయి. కాస్మిక్ కిరణాలను, నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రేలను కొలిచే పరికరాలు అట్ల ఎన్నో పోయినయి, దిగినయి.

హైదరాబాదే ఎందుకంటే, దానికి ఒక కారణం ఉన్నది. భూమి ఒక పెద్ద అయస్కాంతం. దాని నడుమ పట్టీకి మనం దగ్గర ఉన్నం. ఈ తావున భూమి అయస్కాంత శక్తి బలం తక్కువ కిరణాలను పక్కకు తోసేస్తది. బలమైనవే లోపలికి వస్తయి. కాబట్టి గజిబిజి తక్కువ, కొలత శుద్ధం. అంటే మన నేలకు రియల్ ఎస్టేటోళ్లు చెప్పని విలువ కూడ ఒకటి ఉన్నదన్నమాట.

ఆ బెలూన్లు వదిలే కాలంలో పేపర్లలో ఒక నోటీసు వస్తది. ఫలానా ఫలానా జిల్లాల్లో యంత్రాలు దిగవచ్చు, వాటిని ముట్టుకోవద్దు, విప్పొద్దు, దగ్గరి పోలీసు స్టేషన్‌కు గాని పోస్టాఫీసుకు గాని చెప్పండి, తెలియజేసినవాళ్లకు ఇనాము, దారిఖర్చులు ఇస్తం అని. ముట్టుకోవద్దు! ఈ మాట మనకు కొత్తనా? బావి ముట్టుకోవద్దు, కుండ ముట్టుకోవద్దు, గుడి గడప ముట్టుకోవద్దు. ఆకాశం నుంచి పడ్డది కూడ ముట్టుకోవద్దు. అయితే న్యాయం చెప్పుకోవాలె, ఈ నోటీసును మనం తప్పు పట్టం. కొన్ని పరికరాల్లో ఎక్కువ వోల్టేజి కరెంటు ఉంటది, ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తది. విప్పితే ఏండ్ల కష్టం పాడవుతది. మన పేచీ ఇంకో దగ్గర ఉన్నది. మన చేన్లో దిగిన డబ్బా పైన ఏం చూసి వచ్చింది, అది మన ఊరి పిల్లలకు చెప్పే మాట ఆ నోటీసులో కనపడదు. పశులకాపరి అప్పజెప్పాలె, ఇనాము తీసుకోవాలె, ఇంటికి పోవాలె. తెలుసుకునేటోళ్లు వేరు, అప్పజెప్పేటోళ్లు వేరు. ఈ పని విభజన ఎక్కడినుంచి వచ్చిందో మీకు చెప్పాల్సిన పని లేదు.

ఇంతకూ ఏంటివి ఈ కిరణాలు? ఎక్కడో నక్షత్రాలు పేలిపోయిన తావుల నుంచి, మన సూర్యుని నుంచి, ఇంకా ఎంతో దూరం నుంచి సన్నటి కణాలు వస్తుంటయి. ఎక్కువపాలు ప్రోటాన్లే. అవి మన గాలి పై పొరలను గుద్దుకొని చిట్లుతయి. ఒకటి పదవుతది, పది వంద అవుతది. అట్ల చిట్లినదాంట్లోంచి పుట్టిన మ్యూయాన్ అనే కణం నేలదాకా దిగుతది. కరెంటు తీగలో పారే ఎలక్ట్రాన్‌కు అన్న అనుకోండి, దానికంటే రెండు వందల రెట్లు బరువు. నేల మీద చదరపు మీటరుకు నిమిషానికి సుమారు పదివేలు పడుతయి. మీరు అరచెయ్యి చాపితే సుమారు సెకనుకొకటి దాంట్లోంచి పోతున్నది. ఇప్పుడు కూడ పోతున్నది. పెంకుల కప్పులోంచి, స్లాబులోంచి, దొర గడీ గోడలోంచి, గుడి శిఖరంలోంచి, పూజారి ఒంట్లోంచి, పాకీ పని చేసే అక్క ఒంట్లోంచి ఒక్కతీరుగ దూసుకపోతున్నది. దానికి ఊరు తెలవదు, వాడ తెలవదు.

దీన్ని కనిపెట్టిన తీరు కూడ మన బడి పిల్లలకు అందేదే. సీసాలో రెండు పల్చటి రేకులు వేలాడదీసి చేసే విద్యుద్దర్శిని హైస్కూలు పుస్తకాల్లో ఉన్నది. రేకులకు విద్యుత్తు ఇస్తే విడిపోతయి, కొంతసేపటికి వాటంతట అవే దగ్గరికొస్తయి. ఎందుకు దగ్గరికొస్తున్నయి అన్న ఒక్క ప్రశ్న పట్టుకొని వంద ఏండ్ల కింద శాస్త్రవేత్తలు తిరిగిన్రు. మన బడి సీసాలో అయితే తేమకే ఎక్కువ కారిపోతది, అది వేరే మాట. బాగా మూసిన మంచి పరికరంలో కూడ కారుతున్నదని చూసిన్రు. 1910లో థియోడోర్ వుల్ఫ్ ఈఫిల్ టవర్ ఎక్కి కొలిచిండు. 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో ఐదు వేల మీటర్లు దాటి పోయిండు. భూమిలోంచి వచ్చే కిరణాలే కారణమైతే పైకి పోయినకొద్దీ తగ్గాలె. తగ్గలే, పెరిగినయి. అంటే పైనుంచే వస్తున్నయి. 1936లో ఆయనకు నోబెల్ ఇచ్చిన్రు. మన గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన్రు కదా. ఆ శిఖరం మీద వాళ్ల ఒంట్లోంచి పోయిన కిరణాలు ఇక్కడ చేవెళ్లలో పోయేవాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పుడు వాళ్ల సంచిలో ఒక లెక్కబెట్టే డబ్బా ఉండి ఉంటే!

ఆ డబ్బా సంగతికే వస్తున్నం. బల్ల మీద ఉన్నవి చూడండి, రెండు చిన్న డబ్బాలు. నగరంలో చదువుకునే మనోళ్ల పిల్లలు కూర్చి ఇచ్చిన జత ఇది. దీని నమూనా అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద విద్యాలయంలో స్పెన్సర్ అక్సాని, జానెట్ కాన్రాడ్ వాళ్లు పోలండ్ శాస్త్రవేత్తలతో కలిసి 2017 ప్రాంతంలో తయారుచేసిన్రు. కాస్మిక్ వాచ్ అని పేరు. బడి పిల్లలే సొంతంగా కూర్చుకోవాలని, సామాను ఖర్చు వంద డాలర్ల దరిదాపుల్లో ఉండేటట్టు చేసిన్రు. బొమ్మలు, ప్రోగ్రాము దాచుకోకుండ అందరికీ ఉచితంగా పెట్టిన్రు. మన రూపాయల్లో ముడిసామానుకు ఎనిమిది, తొమ్మిది వేలు. దిగుమతి ఖర్చు, సుంకం మీద పడితే రెండు డబ్బాల జతకు ఇరవై ఐదు, ముప్పై వేలు అనుకోండి.

లోపల ఏముంది? అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ బిళ్ల, ఐదు సెంటీమీటర్ల పొడుగు, ఐదు వెడల్పు, ఒక సెంటీమీటరు మందం. మామూలు ప్లాస్టిక్ కాదు, కణం దాంట్లోంచి పోతే మిణుక్కుమని అతి సన్నటి వెలుగు ఇస్తది. దాన్ని సింటిలేటర్ అంటరు. ఆ మిణుకును పట్టే ఒక చిన్న కన్ను, సిలికాన్ ఫోటోమల్టిప్లయర్. లెక్క రాసుకునే ఆర్డినో బోర్డు. వెండి కాగితం చుట్టి, మీద నల్ల టేపు వేయాలె. ఎక్కడ సందు ఉన్నా బయటి వెలుతురు లోపలికి పోయి లెక్క చెడుతది. ముప్పై వోల్టుల దాకానే కరెంటు, షాకు భయం లేదు. ఇందులో అణుపదార్థం ఏమీ లేదు, కిరణాలను పుట్టించదు, ఉన్నవాటిని లెక్కబెడుతది అంతే. ఈ మాట తల్లులకు ముందే చెప్పాలె, లేకుంటే బడిలో ఏదో అణుబాంబు పెట్టిన్రని పుకారు లేస్తది.

రెండు డబ్బాలు ఎందుకంటే సాక్ష్యం కోసం. మన దక్కను రాళ్లలో సహజంగానే కొద్దిపాటి యురేనియం, థోరియం ఉంటయి. వాటి నుంచి వచ్చే కిరణాలు కూడ ఒంటి డబ్బాను మిణుకుమనిపిస్తయి. ఒక డబ్బా మీద ఇంకో డబ్బా పెడితే, మ్యూయాన్ రెండింట్లోంచీ ఒకే క్షణంలో దూసుకపోతది. రాయి నుంచి వచ్చేదానికి ఆ బలం లేదు. పంచాయతీలో ఒక్కని మాట చెల్లదు, ఇద్దరు సాక్షులు ఒకటే మాట చెప్పాలె అంటం కదా, అట్ల. ఇద్దరూ ఒకేసారి చెప్పినవే లెక్కలోకి.

ఇగ పిల్లలు ఏం చేయొచ్చు? జత డబ్బాలకు నిమిషానికి సుమారు పదిహేను, ఇరవై వస్తయి. ఒక నిమిషం పద్నాలుగు, ఇంకో నిమిషం పంతొమ్మిది, ఇంకో నిమిషం పదకొండు. "సార్, ఏది కరెక్టు?" అని పిల్ల అడుగుతది. అన్నీ కరెక్టే. కిరణాలు వరస కట్టి రావు, వాన చినుకుల లెక్క ఎట్ల పడితే అట్ల రాలుతయి. గంటసేపు లెక్కబెడితే సగటు నిలకడ అవుతది, పూట మొత్తం లెక్కబెడితే ఇంకా నిలకడ. డబ్బాల జతను పక్కకు పడుకోబెడితే లెక్క బాగా తగ్గుతది. ఎందుకంటే ఏటవాలుగా వచ్చే కణం ఎక్కువ గాలి దాటి రావాలె. ఎండిపోయిన మోటబావిలోకి తాడు కట్టి దించితే? బావి నోరు తెరిచి ఉంటది కాబట్టి నిలువుగా వచ్చేవి వస్తనే ఉంటయి, ఏటవాలువి మట్టి మింగేస్తది. ఎంత తగ్గింది, ఎన్ని గజాలకు తగ్గింది, గ్రాఫు గీయాలె. (పిల్లలు బావిలోకి దిగొద్దు, డబ్బాను దించాలె.)

ఇంకొక వింత ఉన్నది, దీని కోసమైనా ఈ డబ్బా పదో తరగతికి రావాలె. మ్యూయాన్ పుట్టినంక సగటున 2.2 మైక్రోసెకన్లే బతుకుతది. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే రెండు ముక్కలు, ఇంకొంచెం. వెలుగు వేగంతో ఉరికినా అంత కాలంలో పోయేది 660 మీటర్లే. కానీ అది పుట్టేది పదిహేను కిలోమీటర్ల ఎత్తున. లెక్క ప్రకారం దారిలోనే చావాలె. మరి బల్ల మీది డబ్బాలో ఎట్ల మిణుకుమంటున్నది? అంత వేగంగా ఉరికేదానికి కాలం మెల్లగ నడుస్తది కాబట్టి. ఐన్‌స్టీన్ 1905లో చెప్పింది ఇదే. పెద్ద చదువుల్లో వినే మాటకు సాక్ష్యం మన వాడ పిల్ల నోటుబుక్కులో దొరుకుతది.

ఇప్పుడు ఆ అన్న ప్రశ్నకు వద్దం. కూటికి తిప్పలు పడేటోళ్లకు ఇదెందుకు?

కోలార్ బంగారు గనుల సంగతి వినండి. మన చిత్తూరు జిల్లాకు ఆనుకొనే ఉన్నయి. ఆ గనుల్లో తరతరాలు రాయి కొట్టిందెవరు? ఎక్కువమంది తమిళ దళితులు, వాళ్లతోపాటు తెలుగు కూలీలు. అయోత్తిదాసు బౌద్ధ ఉద్యమానికి అక్కడి మారికుప్పం కోట లెక్క నిలబడ్డదంటే ఆ జనం ఎవరో తెలుస్తది. రాతి ధూళికి ఊపిరితిత్తులు పాడై, రాళ్లు పగిలి మీద పడి, తవ్వుకుంటూ రెండు మైళ్ల లోతుకు పోయిన్రు. అంత లోతు తావు ప్రపంచంలో చాలా తక్కువ. అందుకే టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1950ల నుంచి అక్కడ కాస్మిక్ కిరణాలు కొలిచిన్రు. లోతుకు పోయినకొద్దీ మ్యూయాన్లు తగ్గుతయి, చివరికి దాదాపు ఏమీ మిగలవు. ఆ నిశ్శబ్దంలో, సుమారు 2300 మీటర్ల లోతున, 1965లో న్యూట్రినో అనే కణం జాడ పట్టిన్రు. గాలి పొరల్లో కాస్మిక్ కిరణాలు పుట్టించిన న్యూట్రినోను పట్టడం లోకంలో అప్పుడే మొదలు. ఆ పత్రం మీద పదకొండు మంది పేర్లు ఉన్నయి, మన దేశం వాళ్లు, జపాన్ వాళ్లు, ఇంగ్లండ్ వాళ్లు. పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం పేర్లు కూడ అందులో ఉన్నయి. గొప్ప పని, కాదనం. అదే 1965లో దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్ దగ్గరి ఇంకో బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందం కూడ అదే న్యూట్రినో జాడ పట్టింది. ఆ గని తవ్వింది నల్లవాళ్లు, వర్ణ వివక్ష పాలన కింద. రెండు గనులు, రెండు ఖండాలు, అడుగున ఉన్నది మాత్రం ఒక్కతీరు మనుషులు. ఆ లోతు లేకుంటే ఆ న్యూట్రినో లేదు. కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డయి. న్యూట్రినో చరిత్ర పుస్తకాల్లో ఉన్నది, గని కార్మికుల పిల్లలు పొద్దున రైలెక్కి బెంగళూరుకు కూలికి పోతున్నరు.

ఇక్కడ మన దగ్గర చూడండి. చేవెళ్ల, మొయినాబాద్ రోడ్డు పొంటి ఎన్ని ఇంజనీరింగ్ కాలేజీలు, ఎన్ని ఇంటర్నేషనల్ బడులు! 1996లో 111 జీవో వచ్చి జంట జలాశయాల చుట్టు 84 ఊర్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. ఆంక్షలు ఉండంగనే గోడలు లేచినయి, ఫాంహౌసులు లేచినయి. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తమన్నరు. ఆ గోడల లోపల మెరిసే ల్యాబులు ఉన్నయి. గోడకు ఇటుక మోసింది మనోళ్లు, లోపల గచ్చు ఊడ్చేది మన అక్కలు. అదే అక్క బిడ్డ చదివే సర్కారు బడిలో ల్యాబు అంటే తాళం వేసిన గది. ఏకలవ్యుని కథ మనం చానాసార్లు చెప్పుకున్నం. ఇవాళ బొటనవేలు ఎవరూ అడగరు. తాళంచెవి అటెండర్ దగ్గర ఉన్నది, అటెండర్ సెలవు మీద ఉన్నడు అంటరు. ప్రయోగం చేయకుండనే రికార్డు రాస్తరు, ముందటేడు పిల్లల రికార్డు చూసి ఎక్కిస్తరు. రీడింగు కూడ ఎక్కిస్తరు. అంటే కొలవకుండనే కొలిచినమని రాయడం బడే నేర్పుతున్నది.

దీని ఫలితం తర్వాత తెలుస్తది. రిజర్వేషన్ల కోసం కొట్లాడినం. వర్గీకరణ కోసం ముప్పై ఏండ్లు దండోరా వేసినం, 2025 ఏప్రిల్ 14న మన రాష్ట్రంలో చట్టం అమలుకొచ్చింది. సీటు వస్తది. సీటు తీసుకొని పోయిన పిల్లగాడు జీవితంలో మొదటిసారి ఒక యంత్రాన్ని ముట్టుకునేది పద్దెనిమిదేండ్లకు, పక్కన ఏడో తరగతి నుంచి ముట్టుకుంటున్న పిల్లల మధ్యన. చెయ్యి వణుకుతది. ఆ వణుకును చూసి "మెరిట్ లేదు" అంటరు. రోహిత్ వేముల హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి, ఇక్కడికి గంట దూరం. కార్ల్ సేగన్ లాంటి సైన్సు రచయిత కావాలని ఉండెనని 2016 జనవరిలో ఆఖరి ఉత్తరంలో రాసి పోయిండు. ఆకాశం మీద మనసున్న పిల్లలు మన వాడల్లో లేరని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి.

యంత్రం చేతిలో లేకుంటే తెలివి ఉన్నా ఏమవుతదో ఇంకో ఉదాహరణ. విభా చౌధురి అని కలకత్తా ఆమె. మన వర్గం మనిషి కాదు, భూములున్న ఇంటి బిడ్డ. 1940 ప్రాంతంలో డి.ఎం. బోస్‌తో కలిసి డార్జిలింగ్ కొండల మీద ఫోటో ప్లేట్లు పెట్టి కాస్మిక్ కిరణాల గీతలు పట్టింది. ఎలక్ట్రాన్‌కు, ప్రోటాన్‌కు నడుమ బరువున్న కణాల జాడ వాటిలో ఉన్నది. యుద్ధం వల్ల మంచి ప్లేట్లు దొరకలే, నాసిరకం వాటితో ఖచ్చితంగా తేల్చలేకపోయిన్రు. అదే పద్ధతిని మంచి ప్లేట్లతో నడిపిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ వచ్చింది. 2019లో ఒక నక్షత్రానికి విభ అని పేరు పెట్టిన్రు. అంత ఆసరా ఉన్న మనిషికే సరుకు అందక పని ఆగిపోతే, మన పిల్లల సంగతి చెప్పేదేముంది?

"ఇది తిండి పెడతదా?" అంటే, కిరణం తిండి పెట్టదు. కానీ పనికిరానిదని అనుకోవద్దు. ఈజిప్టులో ఖుఫూ పిరమిడ్ లోపల ముప్పై మీటర్ల పొడుగు ఖాళీ ఉన్నదని ఒక్క రాయి కదపకుండ 2017లో ఈ మ్యూయాన్లను లెక్కబెట్టే కనిపెట్టిన్రు. ఊటీలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లదే గ్రేప్స్-3 అని ఒక కేంద్రం ఉన్నది. 2014 డిసెంబరు 1న ఒక ఉరుముల మబ్బు దాటిపోతుంటే మ్యూయాన్ల లెక్క తగ్గింది. ఆ తగ్గుదలను పట్టి మబ్బులో 130 కోట్ల వోల్టులు ఉన్నయని లెక్కగట్టి 2019లో ప్రచురించిన్రు. పిడుగుకు చచ్చేదెవరు? నాట్లేసే ఆడవాళ్లు, చెట్టు కింద నిలబడ్డ పశులకాపరులు. మన చిన్న డబ్బా పిడుగును ముందే చెప్పదు, అట్ల ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. పిడుగు దేవుని కోపం కాదు, కొలిచేటి వస్తువు అని మాత్రం పిల్లలకు తెలుస్తది.

సార్లు ఏమంటరో మాకు తెలుసు. సిలబస్‌లో లేదంటరు. స్క్రూగేజీకే దిక్కు లేదు, ఇదేడికెళ్లి అంటరు. స్క్రూగేజీ కూడ కావాలె, రెండూ అడుగుదం. కానీ ఈ డబ్బాకు ఒక గుణం ఉన్నది. ఇది ఇచ్చే అంకె ఏ గైడులో లేదు, ఏ బిట్‌బ్యాంకులో లేదు. సారుకు కూడ ముందు తెలవదు. చేవెళ్లలో ఈ పూట ఎన్ని పడ్డయో చెప్పగలిగేది ఆ పూట లెక్కబెట్టిన పిల్లనే. ఆమె అంకెను బొంబాయి ప్రొఫెసర్ కూడ కులం చూసి కొట్టేయలేడు, కొట్టేయాలంటే ఆయన కూడ డబ్బా తెచ్చి ఇక్కడ లెక్కబెట్టాలె. మంచి సార్లు కూడ ఉన్నరు, సొంత జీతంలోంచి సామాను తెచ్చేటోళ్లు. ముందు వాళ్లను కలవండి, కొట్లాటకు పోయినట్టు పోవద్దు.

పైసలు? 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం, 2017లో తెలంగాణలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకున్నం. అది మన పైసనే. 2016 నుంచి కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబుల పేర ఎంపికైన బడికి 20 లక్షల దాకా ఇస్తమన్నది. ఆ సామానులో ఆర్డినో బోర్డులు ఉంటయి. మీ మండలంలో ఏ బడికి వచ్చింది, డబ్బాలు విప్పిన్రా లేదా చూడండి. ఏమీ లేని చోట, మన యువకులకు ఒక మాట. బాబాసాహెబ్ జయంతికి డీజేకు, ఫ్లెక్సీలకు పెట్టేదాంట్లో సగం మిగిలిస్తే రెండేండ్లలో మండలానికి ఒక జత వస్తది. ఒక జతను ఐదారు బడులు నెలకొక్కరు తిప్పుకోవచ్చు. జత వచ్చేదాకా ఆగాల్సిన పని కూడ లేదు. గాజు పెట్టె, నల్లగుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డ్రై ఐస్, టార్చిలైటు ఉంటే మేఘపేటిక చేయొచ్చు. చీకటి గదిలో కణాలు పోయిన దారులు తెల్లటి గీతల లెక్క కంటికి కనపడుతయి. డ్రై ఐస్ చలి సున్నాకు 78 డిగ్రీలు కింద ఉంటది, ఒట్టిచేత్తో పట్టుకుంటే చర్మం ఊడుతది. ఆల్కహాల్ దగ్గర నిప్పు ఉండొద్దు, కిటికీ తెరిచి పెట్టాలె. సారు దగ్గరుండే చేయించాలె.

పనులు పంచుకుందం. ప్రతి ఊరి సంఘం తమ హైస్కూలుకు పోయి ల్యాబు గది ఉన్నదా, తాళం ఎప్పుడు తీసిన్రు, సామాను రిజిస్టర్‌లో ఏమున్నయి, గదిలో ఏమున్నయి అడగాలె. చెప్పకుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలె. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడవాళ్లు ఉండాలె. 2024 నుంచి మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి, వాటిలో మన అక్కలు ఉన్నరు. సున్నాలు, నల్లాల పని ఎంత ముఖ్యమో ల్యాబు తాళం కూడ అంత ముఖ్యమని ఆ మీటింగుల్లో రాయించాలె. దరఖాస్తు నమూనా బయట బల్ల దగ్గర ఉన్నది, తీసుకపోండి. ఈ జతను రేపటినుంచి ఒక్కో ఊరికి పంపుతం, ఏ ఊరికి ముందు కావాలో ఇప్పుడే పేర్లు రాయించండి. తీసుకపోయే ఊరు ఒక నోటుబుక్కు పెట్టాలె. తేదీ, టైము, డబ్బా నిలువుగా ఉన్నదా పడుకోబెట్టిన్రా, ఇంట్లోనా బయటనా, ఎన్ని నిమిషాలు, ఎన్ని పడ్డయి, ఎవరు లెక్కబెట్టిన్రు. లెక్కబెట్టిన పిల్ల పేరు ఇంటిపేరుతో సహా రాయాలె.